అరువు సాక్ష్యంతో నిలిచిన నియమం

ఇలాంటి స్మారకోపన్యాసాల్లో సాధారణంగా సైన్సు సాధించినవాటి గురించి చెబుతారు. ఈ సాయంత్రం నేను ఎంచుకున్న అన్వేషణలో ఇంతవరకు ఎవరికీ ఏమీ దొరకలేదు. దొరికిందని కొందరు ప్రకటించిన మాట నిజమే గాని, ఆ ప్రకటనలు నిలవలేదు. 1939లో ఒక సిద్ధాంత పత్రంతో మొదలైన ఈ వెతుకులాట కోసం ఇవాళ అరుదైన ఐసోటోపులను వందల కిలోల చొప్పున కూడబెట్టి, కొండల కింద, పాత గనుల అడుగున పెట్టి కాపలా కాస్తున్నారు. వాళ్లు కాచుకుని ఉన్నది న్యూట్రినోలు లేని జంట బీటా క్షయం కోసం. అది ఒక్కసారి నిస్సందేహంగా కంటబడితే చాలు, లెప్టాన్ సంఖ్య నిత్యత్వం అనే నియమం కూలిపోతుంది. ఇన్నేళ్లు వెతికినా కంటబడలేదు కాబట్టి నియమం గట్టిదే అయి ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. అలా అనుకోవడానికి ఆధారం లేదన్నదే నా వాదన. ఈ నియమానికి మనం ఇస్తున్న మర్యాద దానికున్న సాక్ష్యాన్ని మించిపోయింది. దాని పక్షాన నిలబడ్డ సాక్షులను నిలదీసి అడిగితే, వాళ్లు చెబుతున్నది మరో సంగతి అని తేలుతుంది.

ముందు నియమం స్వభావం చూద్దాం. విద్యుదావేశం పుట్టదు, నశించదు అని బడిపిల్లలకూ తెలుసు. దాని వెనక ఒక సౌష్ఠవం ఉంది. సౌష్ఠవానికీ నిత్యత్వానికీ ఉన్న బంధాన్ని ఎమీ నోథర్ 1918లో ప్రచురించింది. విద్యుదావేశం విషయంలో ఆ సౌష్ఠవాన్ని కదిలిస్తే విద్యుదయస్కాంత సిద్ధాంతమంతా కదులుతుంది. లెప్టాన్ సంఖ్యకు అలాంటి వెన్నుదన్ను లేదు. ఎలక్ట్రాన్‌కు, న్యూట్రినోకు +1, వాటి ప్రతికణాలకు −1 చొప్పున పద్దు రాస్తే, అప్పటికి తెలిసిన చర్యలన్నిటిలో జమాఖర్చులు సరిపోతాయని 1953లో కొనోపిన్‌స్కీ, మహమూద్ ప్రతిపాదించారు. పద్దు సరిపోయింది, నిజమే. కానీ ఆ సంఖ్యను అంటిపెట్టుకుని ఏ బలమూ లేదు, దాన్ని మోసే ఫోటాన్ లాంటి కణమూ లేదు. కణభౌతికంలోని ప్రామాణిక నమూనా కూడా దాన్ని కోరి పెట్టుకోలేదు. ఉన్న కణాలతో, ఉన్న సౌష్ఠవాలతో సమీకరణాలు రాస్తే ఆ పద్దు దానంతట అదే కుదురుతుంది, అంతే. అదీ పూర్తిగా కాదు. బేరియాన్ సంఖ్య (ప్రోటాన్లు, న్యూట్రాన్ల లాంటి కణాల పద్దు), లెప్టాన్ సంఖ్య విడివిడిగా చెదరడానికి ప్రామాణిక నమూనాలోనే దారి ఉందని గెరార్డ్ టి హూఫ్ట్ 1976లో చూపాడు. ఆ రెండింటి మధ్య తేడా మాత్రమే ఆ నమూనాలో చెక్కుచెదరకుండా మిగులుతుంది.

సాక్షుల్లో మొదటివాడు రేమండ్ డేవిస్. అణు రియాక్టర్ నుంచి లెక్కలేనన్ని యాంటీన్యూట్రినోలు వెలువడతాయి. న్యూట్రినో తగిలితే క్లోరిన్-37 ఆర్గాన్-37గా మారుతుంది. న్యూట్రినో, యాంటీన్యూట్రినో ఒకే కణమైతే రియాక్టర్ పక్కన పెట్టిన కార్బన్ టెట్రాక్లోరైడ్‌లో ఆర్గాన్ పుట్టాలి. డేవిస్ 1950ల్లో వెతికాడు, దొరకలేదు. అదే దశకంలో, 1956లో, రైన్స్, కోవాన్ మరో చర్య ద్వారా యాంటీన్యూట్రినోలను కళ్లారా చూపించారు. ప్రోటాన్‌ను అవి న్యూట్రాన్‌గా మారుస్తున్నాయి గాని క్లోరిన్ జోలికి పోవడం లేదు. దాంతో రెండూ వేరు కణాలని, లెప్టాన్ సంఖ్యే అడ్డుపడుతోందని అందరూ తీర్మానించుకున్నారు. తీర్పు సమంజసంగానే కనిపించింది. కానీ 1956లోనే లీ, యాంగ్ బలహీన చర్యల్లో కుడి ఎడమల సమానత్వం ఉందా అని ప్రశ్నించారు. లేదని 1957లో వూ బృందం కోబాల్ట్-60తో నిరూపించింది. మార్షాక్, మన జార్జ్ సుదర్శన్ కలిసి ఆ బలహీన చర్యకు సరైన రూపం ఇచ్చారు. 1958లో గోల్డ్‌హేబర్ బృందం న్యూట్రినో ఎడమవాటం కణమని, అంటే కదిలే దిశతో పోలిస్తే దాని భ్రమణం ఎడమవైపుకేనని, కొలిచి చెప్పింది. రియాక్టర్‌లో పుట్టేవన్నీ కుడివాటం, క్లోరిన్‌కు కావలసింది ఎడమవాటం. అంటే న్యూట్రినో, యాంటీన్యూట్రినో ఒకే కణమైనా సరే, డేవిస్‌కు ఆర్గాన్ దొరికేది కాదు. ద్రవ్యరాశి ఉన్న కణంలో వ్యతిరేక వాటం పాలు కొంచెం ఉంటుంది గాని, మనకిప్పుడు తెలిసిన ద్రవ్యరాశులతో, రియాక్టర్ శక్తుల దగ్గర అది పది కోట్ల కోట్లలో ఒక వంతుకు లోపే. డేవిస్ చూసిన సున్నా చేతివాటం గురించి చెప్పిన సాక్ష్యం. దాన్ని మనం లెప్టాన్ సంఖ్య ఖాతాలో వేసుకున్నాం.

రెండో సాక్షి కథ మన అసలు విషయంలోకి తీసుకెళుతుంది. జెర్మేనియం-76 కేంద్రకంలో 32 ప్రోటాన్లు, 44 న్యూట్రాన్లు ఉంటాయి. మామూలు బీటా క్షయంతో ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారితే అది ఆర్సెనిక్-76 కావాలి. కానీ జతలుగా కూడి ఉన్న కణాలకు స్థిరత్వం ఎక్కువ, జతలు చెడిన ఆర్సెనిక్ శక్తి జెర్మేనియం కన్నా ఎక్కువ. అందుకని ఆ మెట్టు ఎక్కలేదు. ఒకేసారి రెండు న్యూట్రాన్లు మారితే మాత్రం సెలీనియం-76గా దిగిపోవచ్చు. ఈ దారి ఉందని మరియా గోపర్ట్-మేయర్ 1935లో లెక్క కట్టింది. రెండు ఎలక్ట్రాన్లు, రెండు యాంటీన్యూట్రినోలు బయటికి వస్తాయి, లెప్టాన్ పద్దు సరిపోతుంది. రెండేళ్లకు ఎట్టోరే మయోరానా, ఆవేశం లేని కణం తన ప్రతికణంతో ఏకమై ఉండవచ్చని రాశాడు. ఎలక్ట్రాన్‌కు ఆ వీలు లేదు, ఆవేశం పట్టిచ్చేస్తుంది. పదార్థ కణాలలో న్యూట్రినోకు ఒక్కదానికే ఆ స్వేచ్ఛ. ఆ ఊహను 1939లో వెండెల్ ఫరీ జంట క్షయానికి అన్వయించాడు. ఒక న్యూట్రాన్ వదిలిన న్యూట్రినోను కేంద్రకం లోపలే రెండో న్యూట్రాన్ మింగేస్తే, బయటికి రెండు ఎలక్ట్రాన్లే వస్తాయి. పద్దులో ఒక్కసారిగా రెండు ఎక్కువ తేలుతుంది. చేతివాటం సంగతి తెలియని ఆ రోజుల్లో ఈ రెండో దారి మొదటిదాని కన్నా ఎంతో వేగంగా నడవాలని లెక్క వచ్చింది. 1950లో ఇంగ్రామ్, రేనాల్డ్స్ పురాతన టెల్లూరియం ఖనిజంలో పేరుకున్న జెనాన్‌ను కొలిచి, టెల్లూరియం-130 అర్ధాయువు సుమారు 1.4×10²¹ సంవత్సరాలని చెప్పారు. ఇంత మందకొడిగా జరుగుతోందంటే ఫరీ దారి లేనట్లేనని, న్యూట్రినో వేరు యాంటీన్యూట్రినో వేరని అర్థం చెప్పుకున్నారు. 1957 తర్వాత ఈ సాక్ష్యమూ పోయింది. కుడివాటంతో పుట్టిన న్యూట్రినోను రెండో న్యూట్రాన్ ఎడమవాటంగా మింగాలి. ద్రవ్యరాశి సున్నా అయితే అది జరగనే జరగదు, అత్యల్పమైతే అత్యల్పంగా జరుగుతుంది. మళ్లీ చేతివాటమే.

1998లో సూపర్-కామియోకాండే, ఆ తర్వాత కెనడాలోని సడ్‌బరీ ప్రయోగం న్యూట్రినోలకు ద్రవ్యరాశి ఉందని తేల్చాయి. ఎలక్ట్రాన్, మ్యూఆన్, టౌ కుటుంబాల విడివిడి పద్దులు అక్కడే చెల్లాచెదురయ్యాయి, మిగిలింది మొత్తం పద్దు ఒక్కటే. ఇక్కడ నిరూపణ భారం చేతులు మారిందని నేననుకుంటాను. న్యూట్రినో ద్రవ్యరాశిని ఎలక్ట్రాన్ పద్ధతిలోనే రాయాలంటే ఏ బలానికీ స్పందించని కుడివాటం న్యూట్రినోను తీసుకురావాలి. తెచ్చాక, ఆ కొత్త కణం మయోరానా ద్రవ్యరాశి, అంటే కణాన్ని ప్రతికణంతో ఏకం చేసే ద్రవ్యరాశి, తెచ్చుకోకుండా ఆపడానికి లెప్టాన్ సంఖ్యను పైనుంచి ఆజ్ఞలా విధించాలి. ఎందుకు విధించాలో చెప్పే సూత్రం మన దగ్గర లేదు. నియమం పొరపాటని దీనితో రుజువు కాదు. అయితే ఇప్పుడు సాక్ష్యం తేవలసింది నియమాన్ని నమ్మేవాళ్లే. చేతివాటం వేసిన ముసుగును తప్పించి నేరుగా అడగగల ప్రయోగం మన చేతికందేంత దూరంలో ఒక్కటే ఉంది.

ఆ ప్రయోగంలో వెతికే గుర్తు చాలా సాదాది. న్యూట్రినోలు బయటికి పోతే అవి శక్తిలో వాటా పట్టుకుపోతాయి, కాబట్టి ఎలక్ట్రాన్ల మొత్తం శక్తి ఒక్కో క్షయంలో ఒక్కోలా ఉంటుంది. న్యూట్రినోలే లేకపోతే శక్తంతా ఎలక్ట్రాన్లకే దక్కి, ప్రతిసారీ ఒకే చోట పడుతుంది. జెర్మేనియంలో అది 2,039 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర. బీటా వర్ణపటం చివరి కొసను ఇంత సూక్ష్మంగా చదవడం మన విశ్వవిద్యాలయాలకు పరాయి విద్య ఏమీ కాదు. విశాఖపట్నంలో అణుభౌతిక పరిశోధనకు పునాది వేసిన స్వామి జ్ఞానానంద బీటా వర్ణపటాల మీదే పనిచేసినవారు. కష్టమంతా గుర్తు ఎంత అరుదో అందులో ఉంది. కిలో జెర్మేనియం-76లో సుమారు 8×10²⁴ పరమాణువులు ఉంటాయి. అర్ధాయువు 1.8×10²⁶ సంవత్సరాలు అనుకుంటే వంద కిలోలలో ఏడాదికి మూడు క్షయాలు. మన ఒంట్లోని పొటాషియం మాత్రం సెకనుకు దాదాపు 4,000 సార్లు క్షయమవుతూ ఉంటుంది. రాతిలో, సిమెంటులో, టంకంలో, పట్టుకున్న చేతి చెమటలో కూడా రేడియోధార్మికత ఉంది. ఇటలీలో గ్రాన్ సాస్సో పర్వతం కింద నడిచిన గెర్డా ప్రయోగంలో జెర్మేనియం స్ఫటికాలను ఏ తొడుగూ లేకుండా నేరుగా ద్రవ ఆర్గాన్‌లో వేలాడదీశారు. బయటి నుంచి గామా కిరణం వస్తే ఆర్గాన్ మెరుస్తుంది, ఆ మెరుపుతో పాటు వచ్చిన గుర్తును కొట్టేస్తారు. ఒకే స్ఫటికంలో రెండు చోట్ల శక్తి పడినా కొట్టేస్తారు, ఎందుకంటే రెండు ఎలక్ట్రాన్లు మిల్లీమీటరు లోపే ఆగిపోవాలి. 2,039కి అటూ ఇటూ 25 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల మేర పడ్డ సంఘటనలను, విశ్లేషణ నియమాలు ఖాయం చేసేదాకా తమకే కనబడకుండా కంప్యూటర్లో దాచి ఉంచారు. ఆ కొండ కిందే ఉన్న క్యూరే ప్రయోగంలో 988 టెల్లూరియం డయాక్సైడ్ స్ఫటికాలను పరమ శూన్య ఉష్ణోగ్రతకు డిగ్రీలో వందో వంతు పైన ఉంచుతారు. ఒక మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి పడితే స్ఫటికం డిగ్రీలో పదివేలో వంతు వేడెక్కుతుంది. ఆ వేడిని కొలుస్తారు. వాటి చుట్టూ ఉన్న సీసంలో కొంత, సార్డీనియా తీరంలో రెండు వేల ఏళ్ల కిందట మునిగిన రోమన్ ఓడలోది. కొత్త సీసంలో ఉండే సీసం-210 అర్ధాయువు 22 ఏళ్లు, ఆ పాత కడ్డీల్లో అది ఏనాడో అంతరించింది.

ఇంత చేసి గెర్డా 2020లో ఇచ్చిన జవాబు: అర్ధాయువు 1.8×10²⁶ సంవత్సరాలకు మించి. జపాన్‌లోని కామ్‌ల్యాండ్-జెన్, 745 కిలోల జెనాన్‌తో, జెనాన్-136 విషయంలో 3.8×10²⁶ దాకా వెళ్లింది. విశ్వం వయసు 1.38×10¹⁰ సంవత్సరాలని గుర్తుచేసుకుంటే ఈ సంఖ్యలు ఎంతటివో అర్థమవుతుంది. చూడగలిగిన క్షయం, అంటే రెండు న్యూట్రినోలతో జరిగేది, మైకేల్ మో బృందం సెలీనియం-82లో 1987లో ప్రయోగశాలలోనే నేరుగా చూసింది. కాబట్టి పరికరాలు గుడ్డివి అనడానికి వీల్లేదు. ఆ మామూలు క్షయం కూడా ఊరికే పోలేదు. దాని వర్ణపటం ఆకారం రవ్వంత వంకరపోయిందేమో చూసి, సాపేక్షతకు ఆధారమైన లోరెంట్జ్ సౌష్ఠవాన్ని ఎక్సో-200 బృందం 2016లో పరీక్షించింది. అక్కడ ఏ వంకరా కనబడలేదు. అయితే లోరెంట్జ్ సౌష్ఠవం వెనక ఉన్న సాక్ష్యం సొంతం, లెప్టాన్ సంఖ్యది అలాంటిది కాదు. రెండిటినీ ఒకే గాట కట్టకూడదు.

ఇక అభ్యంతరాలు. మొదటిది అన్నిటికన్నా బలమైనది. వెతికే క్షయపు వేగం న్యూట్రినో ద్రవ్యరాశుల ఒక ప్రత్యేక మొత్తం మీద ఆధారపడుతుంది, ఆ మొత్తంలో పదాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవచ్చు. మూడు న్యూట్రినోలలో బరువైనవి రెండు అయితే, అంటే తిరగబడిన వరుస అయితే, ఆ మొత్తం సుమారు 15 నుంచి 20 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులకు కిందికి దిగదు. బరువైనది ఒక్కటే అయితే, అంటే సాధారణ వరుస అయితే, అది కొద్ది మిల్లీ స్థాయికి, యోగం బాగోలేకపోతే సున్నాకే దిగవచ్చు. అప్పుడు న్యూట్రినో మయోరానా కణమే అయినా మనకు ఎప్పటికీ కనబడదు. మరి ఈ ప్రయోగం దేన్ని పరీక్షిస్తున్నట్టు? ఈ ప్రశ్నకు సగం జవాబే ఉందని ఒప్పుకోవాలి. ద్రవ్యరాశుల వరుస ఏదో చైనాలో 2025 ఆగస్టులో కొలతలు మొదలుపెట్టిన జూనో ప్రయోగం చెప్పగలదు. తిరగబడినదని తేలి, 15 మిల్లీ దాకా వెతికినా క్షయం కనబడకపోతే, తెలిసిన తేలిక న్యూట్రినోల వరకు మయోరానా ఊహ ఓడిపోయినట్టే. అప్పుడు లెప్టాన్ సంఖ్యకు మొట్టమొదటి సొంత సాక్ష్యం దొరుకుతుంది. సాధారణ వరుస అని తేలితే మౌనం మౌనంగానే ఉండవచ్చు. కానీ ఈ అభ్యంతరం నా వాదనను బలపరుస్తుంది తప్ప కొట్టేయదు. ఇంతవరకు కనబడకపోవడాన్ని నియమానికి గెలుపుగా రాసుకోకూడదనడానికి ఇంతకన్నా మంచి కారణం ఏముంది?

రెండో అభ్యంతరం కేంద్రక సిద్ధాంతం నుంచి వస్తుంది. అర్ధాయువును ద్రవ్యరాశిగా మార్చాలంటే కేంద్రకం లోపలి రెండు న్యూట్రాన్లు ఎంత చేరువగా కలిసి పనిచేస్తాయో లెక్కించాలి, ఆ లెక్కలు పద్ధతిని బట్టి రెండు మూడు రెట్లు తేడా వస్తాయి. కామ్‌ల్యాండ్-జెన్ తన పరిమితిని ఒక్క సంఖ్యగా ఇవ్వలేక 28 నుంచి 122 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులని ప్రకటించడానికి కారణం ఇదే. ప్రయోగం ఇంత శుభ్రంగా చేసి జవాబు ఇంత వదులుగా చెప్పుకోవలసి రావడం సిద్ధాంతకర్తలకు మచ్చే. అయితే ఈ లోపం ద్రవ్యరాశి అంచనాను తాకుతుంది గాని, నియమం నిలిచిందా లేదా అన్న ప్రశ్నను తాకదు. క్షయం ఏ యంత్రాంగంతో జరిగినా సరే, అది జరిగిందంటే న్యూట్రినోకు మయోరానా ద్రవ్యరాశి ఉండి తీరాలని షెక్టర్, వాయే 1982లో చూపారు. ఆ సిద్ధాంతం ఒక్కటే హామీ ఇచ్చే ద్రవ్యరాశి కొలతకు అందనంత అల్పం, అందుకని దాన్ని అతిగా సాగదీయకూడదు. అయినా పద్దులో రెండు తేడా వచ్చిందన్న సంగతిని మాత్రం ఏ లెక్కా మాపలేదు.

దొరికినా ఎవరు నమ్ముతారన్నది మూడోది. చరిత్ర అంత ధైర్యం ఇవ్వదు. 1949లో ఎడ్వర్డ్ ఫైర్‌మన్ తగరం-124లో జంట క్షయం చూశానని ప్రకటించాడు, నిలవలేదు. 2001లో హైడెల్‌బర్గ్–మాస్కో బృందంలోని కొందరు జెర్మేనియంలో గుర్తు ఉందని, అర్ధాయువు సుమారు 1.5×10²⁵ సంవత్సరాలని రాశారు. తోటివారిలోనే చాలామంది ఒప్పుకోలేదు. పదేళ్లకు పైగా సాగిన ఆ తగాదాను గెర్డా 2013లో అదే ఐసోటోపుతో, కొంతవరకు అవే పాత స్ఫటికాలతో, 2.1×10²⁵ పరిమితి ఇచ్చి తేల్చేసింది. కేంద్రక లెక్కల వంక చెప్పుకునే వీలు లేకుండా పోయింది. ఈ ఉదంతాన్ని ఈ రంగం పరువు తీసినదిగా చెప్పేవారున్నారు. నాకు మాత్రం ఇది తనను తాను దిద్దుకోగల రంగమని చూపిన ఉదంతంగా కనిపిస్తుంది.

ఇంత ఖర్చు ఒక పద్దు కోసమా అన్నవాళ్లకు జవాబు కణాల లోకం బయట ఉంది. విశ్వంలో పదార్థం మిగిలి, ప్రతిపదార్థం ఎందుకు మాయమైంది? నూరు కోట్ల ఫోటాన్లకు ఒక బేరియాన్ కూడా మిగలని విశ్వం మనది, కానీ ఆ మిగిలిందే మనం. అలా మిగలాలంటే ఏ షరతులు కావాలో సఖరోవ్ 1967లో చెప్పాడు. పద్దు చెదరడం వాటిలో మొదటిది. లెప్టాన్ పద్దు ముందు చెదిరి, టి హూఫ్ట్ చూపిన దారిన అది బేరియాన్లకు బదిలీ అయి ఉండవచ్చని 1986లో ఫుకుగిటా, యనగిడా ప్రతిపాదించారు. మనం వెతుకుతున్న క్షయం కనబడినంత మాత్రాన ఆ కథ రుజువు కాదు. కానీ ప్రతికణం జోడు లేకుండా రెండు ఎలక్ట్రాన్లు కొత్తగా పుట్టే చర్య, బేరియాన్ లెప్టాన్ల తేడాను కూడా చెరిపే చర్య, ప్రకృతిలో ఉందని తెలుస్తుంది. అది లేకుండా ఆ కథ మొదలే కాదు.

భారతదేశం ఈ ప్రశ్నకు కొత్తదేమీ కాదు. తెలుగు కూడా ఇంటిభాషగా మాట్లాడుకునే కోలారులోని బంగారు గనుల్లో, 1965లో విశ్వకిరణాల నుంచి పుట్టిన న్యూట్రినోలను టాటా మౌలిక పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు జపాన్, బ్రిటన్ సహచరులతో కలిసి పట్టుకున్నారు. 1980 నుంచి అదే గనిలో 2.3 కిలోమీటర్ల లోతున ప్రోటాన్ క్షయం కోసం, అంటే బేరియాన్ పద్దు చెదరడం కోసం, కాపలా కాశారు. గని మూతపడింది. తమిళనాడు తేని జిల్లా కొండల కింద తలపెట్టిన న్యూట్రినో ప్రయోగశాల అనుమతుల వివాదంలో ఇరుక్కుంది. స్థానికుల సందేహాలను అజ్ఞానమని కొట్టిపారేయడం వల్ల ఆ వివాదం ఇంకా ముదిరిందని నా అభిప్రాయం. ముంబయిలో మాత్రం తగరం-124ను అతిశీతలంలో ఉంచి జంట క్షయం వెతకడానికి టిన్‌టిన్ అనే ప్రయత్నం మొదలైంది. సహజ తగరంలో ఆ ఐసోటోపు ఆరు శాతం కూడా ఉండదు. పెద్ద బృందాలు టన్ను స్థాయికి వెళుతుంటే ఈ చిన్న ప్రయత్నం ఎందుకని అడిగేవారికి ఒక లెక్క చెప్పాలి. రాబోయే తరం ప్రయోగాలు 10²⁸ సంవత్సరాల దాకా చూడాలని పెట్టుకున్నాయి. ఆ అర్ధాయువుతో టన్ను జెర్మేనియంలో పదేళ్లకు వచ్చే గుర్తులు అయిదో ఆరో. ఒక్క ఐసోటోపులో, ఒక్క కొండ కింద పడ్డ అయిదారు చుక్కల మీద ఎవరూ నియమాన్ని రద్దు చేయరు, చేయకూడదు కూడా. అందుకే వేర్వేరు ఐసోటోపులు కావాలి. పరిసరాల్లోని రేడియోధార్మికతలో భాగమైన థాలియం-208 వదిలే గామా కిరణం ఏ ప్రయోగశాలలోనైనా 2,615 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరే పడుతుంది, బిస్మత్-214 గీత ఎక్కడైనా 2,448 దగ్గరే పడుతుంది. అసలు గుర్తు అలా కాదు, ఐసోటోపుతో పాటు చోటు మారుతుంది. జెర్మేనియంలో అది 2,039 దగ్గర ఉంటే జెనాన్‌లో 2,458 దగ్గర, టెల్లూరియంలో 2,528 దగ్గర, తగరంలో 2,290 సమీపంలో ఉండాలి.